గొంతులో నలుగురు లస్కర్లు

చుక్క పడతాంది, ఆగుతాంది, మళ్ళా ఒగ చుక్క. మంచం పక్కన కొక్కేనికి తగిలించిన సీసాలోంచి ఉప్పునీళ్ళు సన్నని గొట్టంలో దిగి నా కుడిచేతిలోకి పారతాండాయి, నిన్న పొద్దున్నుంచి ఇది నాలుగో సీసానో అయిదోదో మరిచిపోయినా. ముప్పై రెండేండ్లు కాలువ మీద లస్కరు పని చేసినోన్ని, షట్టర్లు ఎత్తి దించి ఊర్లకు నీళ్ళు పంచినోన్ని, కాలి బొటనవేలు ముంచి ఈ పూట నీళ్ళు యాడిదాంకా పోతాయో చెప్పినోన్ని, ఇప్పుడు నాకే నీళ్ళు కట్టినారు. నర్సమ్మ నిస్సీ గంటకొగసారి వచ్చి గొట్టం మీదుండే బుడ్డ చక్రాన్ని వేలితో తిప్పి పోతాది. ఎంత సుఖమైన షట్టరు అది. నాది తిప్పాలంటే ఇద్దరు మనుషులు, ఒగ గడ్డపార, పది బూతులు కావాల్సొచ్చేది. గోడ మీద గడియారం పది దాటి అయిదు నిమిషాలు చూపిస్తాంది. పదకొండుకు నా రక్తం రిపోర్టు వస్తాదంట. అది చూసి నా గొంతు కోయాలా వద్దా చెప్తారంట. అందాకా గమ్మున పండుకోవాల. డెబ్బై ఒగటేండ్లలో నన్ను గమ్మునుండమన్న మొదటి మనిషి ఈ డాక్టరమ్మ శివజ్యోతి కాదు గానీ, నేను విన్నది మాత్రం ఆమె మాటే మొదలు.

దుప్పటి కింద నా ఎడమచేతి పిడికిట్లో సున్నపు డబ్బీ ఉండాది. అగ్గిపెట్టెలో సగముంటాది, అంచులు నా వేలికి అరిగి నున్నగా అయిపోయిన అల్యూమినియం డబ్బీ. ఆసుపత్రి వాళ్ళు నా అంగీ పంచె విప్పించి, ముందర మూసి వెనక తెరిచిన పచ్చంగీ ఒగటి తగిలించినారు. దానికి జేబు లేదు. జేబులేని అంగీ కుట్టిన దర్జీ ఎవడో, వానికి దాచుకోవాల్సింది ఏమీ లేదన్నమాట, అదృష్టవంతుడు. అందుకే డబ్బీ నిన్నట్నుంచి పిడికిట్లోనే కాపురం. రక్తపోటు చూడాల, ఆ చేయి చాపు తాతా అని నిస్సీ అడిగితే, ఇది వాతం చేయి బిడ్డా, ఒగసారి మూసుకుంటే తెరుచుకోదు అని చెప్పినా. పాపం ఆ పిల్ల కాగితంలో రాసుకుండాది కూడా, ఇంక దానికొగ మాత్ర ఇస్తారేమో. మంచం పక్కన స్టూలు మీద మా ప్రేమమ్మ. జిప్పు కవరు బైబిలు ఒళ్ళో తెరిచి పెట్టుకొని పెదాలు కదిలిస్తాంది. గంట నుంచి పుట తిప్పలేదు. భయమైనప్పుడు ఆమె అంతే, ఒగే పుట మీద నిలబడిపోతాది, నీళ్ళు లేని ఏతాం మాదిరి.

నిన్న ఈడికి వచ్చిన వెంటనే డాక్టరమ్మ అడిగింది. తాతా, మాత్రలు కాకుండా ఇంకేమన్నా తింటాండావా, నాటుమందులు గానీ, భస్మాలు గానీ, ఆకు వక్క సున్నం గానీ, అని. ప్రేమమ్మ పక్కనే ఉండాది. నేను కుడిచేయి పైకెత్తి, ఆకు వక్కా, ఈస్టరు ముందరి శ్రమదినాల్లోనే చర్చిలో సంఘమంతటి ముందర వదిలేస్తినమ్మా అంటి. అంటాంటే నా గొంతు నాకే బాగా అనిపించింది, అంత నమ్మకంగా పలికింది. నేనన్న మరుక్షణం, అడగకపోయినా, ప్రేమమ్మ కూడా లేదమ్మా ఏమీ లేదు అనింది గబగబా. నలభై ఆరేండ్ల కాపురంలో నా మాటకు ఆమె పూచీ పడడం అదే మొదలు. ఆ సంగతి తల్చుకుంటే పిడికిట్లో డబ్బీ నిప్పు మాదిరి ఉండాది.

ఇంతకూ నా కతలో ఎలుగుబంటి నన్ను చూసి ఏం చేసింది? నెల నుంచి ఇదే నా బాధ. ఆత్మకూరు అవతల నల్లమలలో అడ్డదారిన పోతాంటి, వయసులో ఉండా, భుజాన తువ్వాల, నోట్లో పాట. మలుపు తిరిగితే ఎదురుగా ఎలుగుబంటి, రెండు కాళ్ళ మీద నిలబడి ఉండాది. కత మొదలుపెట్టిన కాలంలో అది నా నడుము వరకే ఉన్నట్లు గుర్తు, తర్వాత తర్వాత నా భుజం వరకు పెరిగింది, మొన్నమొన్న చర్చి మెట్ల మీద చెప్పినప్పుడు టేకుచెట్టు కొమ్మ దాని నెత్తికి తగిలింది. మంచి మేత అడవిలో. నెమ్మదిగా వచ్చింది. ఇప్పపూల వాసన. నా భుజం మీద చేయేసింది. ఆపైన? ఆపైన ఏదో చేసింది. ఆ ఏదో చేసిందానికే జనం నలభై ఆరేండ్లు పొట్టలు పట్టుకొని నవ్వినారు. పెండ్లిచూపుల్లో ఆ కత చెప్పితే, తలుపు సందులోనుంచి ఒగ నవ్వు వినపడింది, ఆ నవ్వే ఇప్పుడు స్టూలు మీద కూర్చోనుండాది. నెల కిందట ఓబుళేశు టీకొట్టు కాడ చెప్తా చెప్తా భుజం మీద చేయి దాంకా వచ్చి ఆగిపోతి. జనం చూస్తాండారు, నేను చూస్తాండా, ఎలుగుబంటి గూడా చూస్తాండాది. ఏం చేసిందబ్బా అని నేనే వాళ్ళను అడిగినా. ఎవరూ నవ్వలేదు. ఓబుళేశు టీ గ్లాసు చేతికిచ్చి, తాగి ఇంటికి పోన్నా అన్నాడు మెల్లగా. ఆ మెల్లగా అనింది నాకు గుండెలో గుచ్చుకుండాది. ఇంటికి పోయి చెప్తే ప్రేమమ్మ మొగం మాడిపోయింది. అప్పటికే నేను బిందెడు నీళ్ళు తాగుతాంటి, గడియకొగసారి గోడచాటుకు పోతాంటి, ఇంకొగ పనికి మాత్రం వారానికొగసారి గూడా పోలేకపోతాంటి, పొద్దంతా కునుకుతాంటి. వాటన్నిటినీ వయసు కింద తోసేసింది. ఎలుగుబంటిని మరిచినానంటే మాత్రం తట్టుకోలేకపోయింది, ఆ మరుపుకే నన్ను ఆసుపత్రి దోవ పట్టించింది. అదేం చేసిందో నీకు తెల్సు గదా, చెప్పు అంటే, నేను చెప్పను, అది నువ్వే చెప్పాల అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుండాది. ఆమెను అడగడానికి ఇప్పుడు నాకూ రోషం. పది దాటి పద్దెనిమిది.

ఎక్కడ మొదలైంది ఇదంతా? కింద పడడంతో. ఉగాది ముందర కింద పడి మణికట్టు విరిగింది. ఎట్ల పడితివి అంటే చింతచెట్టు చిటారు కొమ్మన పాముకు, నాకు పోట్లాట జరిగిందని ఊరికి చెప్పినా, నిజానికి నా చెప్పును నేనే తొక్కినా. కట్టు కట్టిన ఎముకల డాక్టరు ఎముకల గట్టిదనం కొలిచే యంత్రం కింద నన్ను పండబెట్టి కాగితం చూసి, మైనస్ మూడు పెద్దాయనా అన్నాడు. మిషను బడిలో అయిదో తరగతి దాంకా చదివినా, అయ్యవారు నాకు సున్న వేసినాడు, సున్న పక్కన తాటికాయంత సున్న గూడా వేసినాడు, సున్నకు కింద పాతాళంలో గూడా మార్కులుంటాయని ఆయనకే తెలీదు పాపం. మైనస్ అంటే ఏంది సామీ అంటే, నాకు అర్థమయ్యేటట్లు చెప్పాలని ఆ డాక్టరు ఒగ మాటన్నాడు. నీ ఎముకల్లో సున్నం తక్కువైంది, అన్నాడు. అదీ ఆ మాట. ఆ మాటకు బదులు ఆయన ఇంగిలీసులో కాల్షియం అనింటే నేనీ మంచం మీద ఉండను. సున్నమంటే నాకు తెలిసిన సున్నం ఒగటే.

నవ్వొచ్చింది అప్పుడు. మా ఇంటి నేల కడప బండ, గోడకు కొట్టింది సున్నం, మా బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొలుసు కడతాది, ఆ పొలుసు గీకితే ఇంకో గోడకు కొట్టొచ్చు. ఇంత సున్నంలో పుట్టి పెరిగినోనికి సున్నం తక్కువైందంట. ఎండ గూడా తక్కువైంది, ఎండతో వచ్చే విటమిను లేదు అన్నాడు. కర్నూలు జిల్లాలో ఎండ తక్కువైందన్న మాట విని ఆ ఆసుపత్రి గోడ మీద బల్లి గూడా నోరు తెరిచింది. వారానికొగ పొడి, దినానికి రెండు మాత్రలు రాసిచ్చినాడు. అవి వేసుకున్నా. అయితే నాకు అప్పటికే ఒగ దిగులుండాది. ఆ శ్రమదినాల్లో పాస్టరుగారు ఒగొగరు ఒగొగటి వదలమంటే ప్రేమమ్మ టీవీ సీరియలు వదిలింది, నేను లేచి నిలబడి ఆకు వక్క వదిలినా. ఆమె ఇంగా వదిలే ఉండాది, ఆ సీరియల్లో కోడలు ఏమైందో ఈనాటికీ తెలీదు. నేను తొమ్మిది దినాలు ఉండగలిగితి. పదో దినం ఆ డాక్టరు సున్నం మాటన్నాడు. దోవలో బస్సులో కూర్చోని ఆలోచన చేసినా. దేవుని ముందర వదిలింది ఆకు, వక్క. సున్నం వదిలినానని నేను అనలేదు. సున్నం మందు, డాక్టరే చెప్పినాడు. ఉట్టి సున్నం నోట్లో వేసుకుంటే నోరు పుండైతాది. అందుకని మందుకు తోడుగా ఒగ ఆకు, ఆకుకు తోడుగా రవ్వంత వక్క. ఇంత న్యాయంగా ఆలోచించినోడు బస్సులో ఇంకొకడు లేడు.

డబ్బీని గొడ్ల కొట్టంలో దూలం సందున పెట్టినా. దినానికి నాలుగు సార్లు, ఆరు సార్లు, మందు గదా, గట్టిగానే పూసుకుంటాంటి. అప్పుడు జరిగింది చూడు విచిత్రం. డబ్బీ అయిపోదు. సాయంత్రం అడుగు గీకి పెడితే వారం తిరిగేసరికి అంచుదాంకా తెల్లగా నిండి ఉంటాది. మొదటిసారి నేనే నింపి మరిచినా అనుకుంటి. రెండోసారి దూలం కిందనే మోకాళ్ళేసినా. బైబిల్లో సారెపతు విధవరాలి బుడ్డిలో నూనె తక్కువ కాలేదని చిన్నప్పట్నుంచి వింటాండా గానీ, మా గొడ్ల కొట్టంలో గూడా అదే పని జరుగుతాదని ఎవరనుకుంటారు. ఏసేపూ, నువ్వు సున్నం తినడం నాకు ఇష్టమే అని దేవుడు పైనుంచి చెప్తాండాడు అనుకుంటి. కతలు చెప్పేవాన్ని గదా, జనానికి చెప్పకుండా దాచుకున్న కత అదొగటే. పది ముప్పై.

డాక్టరమ్మది డోన్ అంట, చిన్న పిల్ల, మాట మాత్రం పెద్దది. లస్కరు పని అని చెప్పినా గదా, కాలువ భాషలోనే చెప్పింది నాకు. నీ ఎముక చెరువు, నీ రక్తం కాలువ అనుకో తాతా, అనింది. సున్నం నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు చెరువులోనే ఉంటాది, కాలువలో పారేది రవ్వంతే. ఆ రవ్వంతకు ఒగ గేజీ ఉండాది, కాలువ గోడకు తెల్లగీతలు వేస్తారే, అట్ల. గేజీకి కింద పడితే చేతులు కొంకర్లు పోతాయి, గుండె తడబడతాది. పైకి పోతే దప్పిక, మలబద్ధకం, మతిమరుపు, మూత్రపిండంలో రాయి. పదిన్నర దాటకూడదు, నీది పదమూడు దాటింది అనింది. ఆ గేజీ చూసేదానికి గొంతులో నాలుగు గ్రంథులుంటాయంట, ఒగొగటి కందిగింజంత. నలుగురు లస్కర్లమ్మా అంటి నేను. అంతే తాతా, నలుగురు లస్కర్లు అని నవ్వింది. నాకు కడుపులో సంతోషమైంది. నా గొంతులో నాకు తెలీకుండా డెబ్బై ఒగటేండ్లు నా పనే చేస్తాండే నలుగురు. వానకు, ఎండకు, పండగకు, పబ్బానికి సెలవు పెట్టకుండా. కాలువలో సున్నం తగ్గితే వాళ్ళు అరుస్తారంట. చెరువు తూము రవ్వంత ఎత్తండి అని ఎముకకు ఒగ అరుపు. ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే మరవ మీద సున్నం పారిపోనీయొద్దండి అని మూత్రపిండానికి ఇంకో అరుపు. ఎండలో చర్మం కింద ఒగ చీటీ పుడతాదంట, అదే ఆ విటమిను. దానికి కార్జంలో ఒగ ముద్ర, మూత్రపిండంలో రెండో ముద్ర పడితేగానీ పేగు దాన్ని లక్ష్యపెట్టదంట, ఆ రెండో ముద్ర వేయించేది గూడా మన లస్కర్లే. అది పడితే అప్పుడు పేగు తిన్నదాంట్లోనుంచి సున్నం లోపలికి పట్టుకుంటాది. నేను కాలువ పనిలో చూసిన కాగితాలకు రెండు ముద్రలతో పని అయిన నాడు లేదు, ఒళ్ళు మేలు.

సున్నం ఒగటే కాదు, దానికి జత ఫాస్ఫేటు, రెండూ కలిస్తేనే ఎముక గట్టిపడేది అని చెప్పింది. ఫాస్ఫేటు నాకు తెలీకపోవడమేంది, చెనక్కాయ చేనుకు సూపరు బస్తాలు ఎన్ని మోయలేదు. నా మోకాలిచిప్పకు గూడా బస్తా ఎరువు పడతాదని మాత్రం తెలీదు. చెరువులో ఆ ఇద్దరూ దంపతుల మాదిరి ఉంటారంట. కాలువలో మాత్రం ఇద్దరూ ఒగేసారి పొంగకూడదు, పొంగితే కలుసుకున్నకాడల్లా రాయి కడతారు. అందుకే లస్కర్లు సున్నాన్ని నిలబెట్టుకుంటా ఫాస్ఫేటును మరవ మీదనుంచి బయటికి తోసేస్తారు. ఫాస్ఫేటు మరీ ఎక్కువైతే ఎముక గూడా ఊరికే ఉండదంట, ఇంక చాలు పారబోయి అని మూత్రపిండానికి తనే ఒగ కబురు పంపిస్తాదంట. ఎముకకు నోరుండాదని నాకెవరు చెప్పినారు. నా ఒంట్లో నేను తప్ప అందరూ పని చేస్తాండారు. ఇంతకూ నీ కాడ గేజీ దాటినా ఎవరో తూము ఎత్తే ఉంచినారు తాతా, ఆ నలుగురిలో ఒగడు లావెక్కి మాట వినకుండా అయినాడేమో అని అనుమానం అనింది. రిపోర్టులో వాళ్ళ అరుపు ఎక్కువుంటే దొంగ దొరికినట్లే. అప్పుడు గొంతు కోసి వాన్ని తీసేస్తాం. పక్కనే పలుకు నరం ఉంటాది, నూటికి ఒగరికి ఇద్దరికి గొంతు బొంగురు పోవచ్చు, ముందుగానే చెప్పాల గదా అని చెప్తాండా, అనింది.

నూటికి ఒగరికి. ఆ ఒగరు నేనే. ఏసేపు నోట్లో మాట లేకపోతే ఏసేపు యాడుంటాడు. ఎలుగుబంటి కత చేతులతో చెప్పాల. ఓబుళేశు టీకొట్టు కాడ నేను రెండు కాళ్ళ మీద నిలబడి గురగుర అంటే జనం నాకు మూర్ఛ అనుకొని తాళంచెవులు తెచ్చి చేతిలో పెడతారు. చర్చిలో పాట పాడితే రంపం కోసినట్లుంటాది, అది ఇప్పుడు గూడా అట్లనే ఉండాది అని ప్రేమమ్మ అంటాది గానీ. నేను మాట్లాడకపోతే ఇంట్లో ఆమె ఒగతే మాట్లాడాల, ఆమెకు అలవాటు లేదు. నా అబద్ధాలకు విసుక్కుంటా ఊకొట్టడమే ఆమెకు వచ్చు. గుటక మింగుతాండా, గొంతులో నలుగురూ కదిలినట్లుంది. ఎవడప్పా మీలో తూము ఎత్తింది అని లోపల్లోపల అడుగుతాండా. దుప్పటి కింద డబ్బీ మూత నా గోరుకు తగుల్తాంది.

మేం ఎత్తలేదు సామీ. ఇది వాళ్ళ మాట కాదు, నా మాట, నేను ఇంజనీరు ముందర పంచాయితీలో చెప్పిన మాట. నలభై ఏండ్ల కిందట ఒగ ఏడు కాలువ చివర కయ్యలు మునిగిపోయి కోతకొచ్చిన వరి కుళ్ళిపాయ. లస్కరు ఏసేపు షట్టరు దించకుండా తాగి పండుకున్నాడు అని అర్జీ పెట్టినారు. నేను తాగను, ఆకు తప్ప ఏ అలవాటు లేదు. షట్టరు దించినా, నా ఈ చేతులతో దించినా. గేజీలో మాత్రం నీళ్ళు తగ్గలేదు. కతలు చెప్పేవాని మాట ఎవరు నమ్ముతారు. నిజం చెప్పిన ఆ ఒగ నాడు అందరూ దాన్ని గూడా కతే అనుకొని నవ్వినారు. ఆర్నెల్లు పని నుంచి నిలబెట్టినారు. నీళ్ళు దిగినాక తెలిసింది, రామకృష్ణ అని పైకయ్యల రైతు గట్టు కింద గొట్టం వేసి షట్టరు పక్కనుంచి నీళ్ళు మళ్ళించుకుంటాండాడు, మిగిలినవి మళ్ళా కింది కాలువలోనే పడతాండాయి. పంచాయితీలో వాడు గూడా ఉండాడు. మల్లెపువ్వు మాదిరి బట్టలు, నోట్లో ఆకు, నేల చూస్తా నములుతాండాడు. ఒగ మాట. నేనే గొట్టం వేసినా, ఏసేపుది తప్పు లేదు, అని ఒగ మాట అనింటే అయిపోయేది. అనలేదు. నలభై ఏండ్లు వాన్ని తిట్టుకుంటాండా నేను. వాని నోట్లో ఆకు నలిగే చప్పుడు నాకింగా వినపడతాది.

పది యాభై. అదే చప్పుడు, ఇప్పుడు నా నోట్లో. ఆకు లేకపోయినా నమిలినట్లే దవడ కదుల్తాంది. నలుగురు లస్కర్లు పంచాయితీలో నిలబడుండారు, కందిగింజంత మనుషులు, పైపంచె చంకలో పెట్టుకొని, మేం దించినాం సామీ అంటాండారు. గట్టు కింద గొట్టం వేసినోడు పచ్చంగీ తొడుక్కోని, పిడికిట్లో డబ్బీ పెట్టుకోని, నేల కాకపోతే మిద్దె చూస్తాండాడు. అంతే తేడా. చెప్పేద్దామా. చెప్తే ప్రేమమ్మ ముందర, ఆమె పూచీ పడిన మాట బూడిదైతాది. సంఘం ముందర లేచి నిలబడింది అంతా కతే అయితాది. చెప్పకపోతే గొంతు. వాళ్ళ అరుపు ఎక్కువే ఉంటాదేమోలే, నిజంగానే ఒగడు లావెక్కినాడేమోలే, నేనెందుకు మధ్యలో. ఇదే గదా రామకృష్ణ గూడా అనుకునింటాడు. చుక్క పడతాంది. ఆగుతాంది.

తలుపు తెరుచుకుండాది. డాక్టరమ్మ చేతిలో కాగితం. నేను ఆమె మొగం చూడలేక సీసా చూస్తాండా.

"గ్రంథులది తప్పేం లేదు తాతా, నాలుగూ నిద్రపోతాండాయి. గొంతు కోసే పని లేదు."

వాళ్ళు షట్టర్లు దించేసి ఎప్పుడో పండుకున్నారన్నమాట, ఎంత బుద్ధిమంతులు. నా గొంతు నాకు మిగిలింది. ఆ సంతోషంలో నవ్వబోయి చూస్తే ఆమె నవ్వడం లేదు. ప్రేమమ్మ దిక్కు తిరిగి గొంతు తగ్గించి చెప్తాంది. వాళ్ళు కాకపోతే ఇంత సున్నం యాడినుంచో రావాల గదమ్మా, ఎముకలోపల పెద్ద జబ్బు ఏదన్నా తినేస్తాంటే గూడా ఇట్లనే ఉంటాది, రేపు తుంటి ఎముకలో సూది దించి మూలుగు తీసి చూస్తాం, భయపడొద్దు, అని. భయపడొద్దు అన్న మాటకు ప్రేమమ్మ ఒళ్ళోనుంచి బైబిలు జారి కింద పడింది. నలభై ఆరేండ్లలో ఆమె దాన్ని కింద పడనీయడం నేను చూడలేదు. వంగి తీసుకోడం గూడా మరిచి నన్ను చూస్తాండాది, నేను అప్పుడే పోయినట్లు.

నా ఎడమచేయి దుప్పటిలోనుంచి బయటికి వచ్చింది. నేను తీసినట్లు లేదు, అదే వచ్చింది.

"ఇదిగో తల్లీ, ఆ పెద్ద జబ్బు," అంటి.

డాక్టరమ్మ డబ్బీ మూత తీసి చూసి, వేలికి రాసుకొని, మళ్ళా నన్ను చూసింది. అంతా చెప్పినా. కాలువకు గొట్టం వేసింది నేనే, ఆ నలుగురినీ ఏమీ అనొద్దు అని గూడా చెప్పినా. ప్రేమమ్మ దిక్కు మాత్రం చూడలేదు. దినానికి ఎంత తింటాంటివి అని అడిగింది. వారానికొగ డబ్బీ ఉంటాదేమో, సరిగ్గా చెప్పలేనమ్మా, ఎందుకంటే అది అయిపోదు, దేవుడే నింపుతాండాడు అంటి. పిచ్చి ముదిరింది అనుకునిందేమో, ఆమె నా కన్ను రెప్ప ఎత్తి చూడబోయింది.

"దేవుడు కాదు, నేను," అనింది ప్రేమమ్మ.

నేను మెడ తిప్పినా, మెల్లగా, రిపోర్టులో లేని నొప్పి ఏదో మెడలో ఉన్నట్లు. ఆమె నేలను చూస్తా చెప్తాంది. ఆ ఎముకల డాక్టరు సున్నం తక్కువైందన్నాడు గదమ్మా, ఈయప్ప సంఘం ముందర మొక్కుకొనుండాడు, తిను అని నేనెట్ల చెప్తా, దూలం సందున డబ్బీ కనపడింది, దొంగగా తింటాండాడులే, తినేది ఆకైనా లోపలికి పోయేది సున్నమే గదా, మందే గదా, అని నింపి పెడతాంటి. అది చాలదేమో అని పొద్దున సాయంత్రం మజ్జిగలో సున్నపు తేట పోస్తాంటి. నిన్న నువ్వు అడిగితే ఈయప్ప లేదన్నాడు, నేను ఉండాదంటే ఈయప్ప అబద్ధం చెప్పినట్లు అయితాది గదా, అందుకని లేదంటి. సారెపతు బుడ్డి నా కండ్ల ముందరే పగిలి ముక్కలైంది. ఆ ముక్కల్లో మా ఆవిడ మొగం కనపడింది, నాకు తెలీకుండా నలభై ఆరేండ్లలో ఆమె గూడా ఒగ కత నేర్చుకుండాది.

డాక్టరమ్మ నా మంచం అంచున కూర్చోని, కాగితం మొగానికి అడ్డం పెట్టుకుండాది. భుజాలు కదుల్తాండాయి. ఏడుస్తాందేమో అనుకుంటి. కాగితం తీసినాక చెప్పింది, మాత్రలు, పొడి, డబ్బీ, మజ్జిగ తేట, నాలుగు తూములు ఒగేసారి ఎత్తినారు, ఇంగా రెండు నెలలు పోయింటే తాతను బండలు కొట్టి నేల పరుచుకోవచ్చు, అని. అన్నీ ఆపేస్తాం, ఉప్పునీళ్ళు పారనిస్తాం, నాలుగు దినాలకు మళ్ళా రక్తం చూస్తాం, గేజీ దిగుతాంటే మూలుగు సూది అక్కర్లేదు, ఎముకకు వేరే మందు తర్వాత ఆలోచిద్దాం, మీరిద్దరు మాత్రం నాకు చెప్పకుండా ఒగరికొగరు మేలు చేసుకోవద్దండి, అని డబ్బీ తీసుకొని జేబులో వేసుకుండాది. ఆమె అంగీకి జేబు ఉండాది.

నిస్సీ వచ్చి చక్రం తిప్పింది. వాతం చేయి తెరుచుకుండాదే తాతా అనింది, చాప అంటే చాపినా. ప్రేమమ్మ బైబిలు తీసుకొని తుడిచి, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకొని, ఇంగా నేలనే చూస్తాండాది. నేను గొంతు సవరించుకుంటి, నలుగురినీ రవ్వంత ముట్టుకొని, పండుకోండప్పా అని చెప్పినా. చుక్క పడింది. ఇప్పపూల వాసన వచ్చింది. రెండు కాళ్ళ మీద నిలబడుండాది, నెమ్మదిగా వస్తాంది, నా భుజం మీద చేయేసింది, నోరు తెరిచింది.

"ఆకుంటే ఒగటి పెట్టన్నా, అనింది ప్రేమమ్మా, ఎలుగుబంటి. ఆకు అడిగింది."

ఆమె తలెత్తింది. తలుపు సందులో విన్న నవ్వు మొగం దాంకా వచ్చి, బయటికి రాకుండా ఆగింది. వెయ్యిసార్లు విన్న కతలో మొట్టమొదటిసారి ఒగ ప్రశ్న అడిగింది.

"సున్నం ఎంత పూసిస్తివి?"

"రవ్వంతే," అంటి. "డాక్టరమ్మ ముందర చెప్తాండా, రవ్వంతే."